తలుపు తెరచిన చాలునా?

(మన సంఘ వార్షికోత్సవమున, ఉపకారవేతనముల పంపిణీ సందర్భమున, కోశాధికారిగారు చేసిన ప్రసంగపాఠము)



ప్రతి సంవత్సరము ఈ సభయందు కోశాధికారి చేయవలసిన పని యొక్కటే. జమాఖర్చులు చదివి, ఎవరెవరికి ఎంతెంత ఉపకారవేతనము మంజూరైనదో ప్రకటించి, తన స్థానమున కూర్చుండుట. ఈ యేడు లెక్క చదువుటకు ముందు కొన్ని మాటలు విన్నవించుకొందుమని అధ్యక్షులవారి యనుమతి వేడితిమి. వారు దయతో అంగీకరించిరి.

మేము గొప్ప చదువు చదివినవారము కాము. మెట్రిక్యులేషనుతో పుస్తకములు కట్టిపెట్టి అంగడిలో కూర్చున్నవారము. శాస్త్రములను గూర్చి గాని, యంత్రములను గూర్చి గాని ఉపన్యసించు యోగ్యత మాకు లేదు. అయినను ఆ శాస్త్రములు నేర్పు విశ్వవిద్యాలయములలోనికి ఎవరి బిడ్డలు పోగలుగుచున్నారు, ఎవరి బిడ్డలు గడపయొద్దనే నిలిచిపోవుచున్నారు అను విషయము పండితులకే విడిచిపెట్టదగినది కాదు. అది మన యిండ్ల విషయము. మన సంఘము ఇచ్చు ఉపకారవేతనములలో అధికభాగము ఇంజనీరింగు, సైన్సు విద్యార్థులకే పోవుచున్నది. కనుక ఆ ధనమును లెక్కించు చేతికి ఈ మాట చెప్పు బాధ్యత కలదని తలంచుచున్నాము.

మనలో చాలమంది నిత్యము గిండీ మీదుగా రాకపోకలు చేయుచుందుము. అచ్చటి ఇంజనీరింగు కళాశాల 1794లో భూమి కొలతలు నేర్పు చిన్న పాఠశాలగా ఈ నగరమున పుట్టినది. 1859లో ఇంజనీరింగు కళాశాల యైనది. 1920లో గిండీకి తరలినది. 1978లో అన్నా విశ్వవిద్యాలయమున చేరినది. పుట్టినది మొదలు 1940 వరకు, అనగా నూట నలుబదియారు సంవత్సరములు, ఆ విద్యాలయమున ఒక్క స్త్రీయైనను చేరి చదువలేదు. ఒక స్త్రీ వచ్చి చోటు అడుగునను తలంపే లేకుండెను.

అడిగినది మన తెలుగు బిడ్డ. అయ్యలసోమయాజుల లలితగారు 1919 ఆగస్టు 27వ తేదీన ఈ మద్రాసులోనే జన్మించిరి. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ కళాశాలలోనే విద్యుచ్ఛక్తి ఇంజనీరింగు ప్రొఫెసరు. ఆనాటి ఆచారముచొప్పున లలితగారికి పదునైదవ యేట వివాహము జరిగినది. పదునెనిమిదవ యేట, ఒడిలో నాలుగు నెలల ఆడుశిశు వుండగా, భర్త గతించిరి. ఆ కాలమున పదునెనిమిదేండ్ల వితంతువునకు లోకము చూపిన దారి యేదో మన యిండ్లలోని ముసలమ్మల నోట విన్నవారమే.

లలితగారు ఆ దారి పట్టలేదు. క్వీన్ మేరీ కళాశాలలో ఇంటర్మీడియేటు ప్రథమ శ్రేణిలో ముగించిరి. స్త్రీలు చదువదగిన వృత్తివిద్య వైద్యమే యని అప్పటి అభిప్రాయము. అయితే వైద్యునికి వేళ యనునది లేదు, నడిరేయి పిలుపు వచ్చిన లేచిపోవలెను, ఇంట పసిబిడ్డ. వేళకు పోయి వేళకు వచ్చు ఉద్యోగము కావలెనని యోచించి, తండ్రి, సోదరులు నడచిన ఇంజనీరింగు మార్గమునే వారు కోరుకొనిరి. తండ్రి పోయి ప్రిన్సిపాలు కె. సి. చాకోగారితో మాటాడిరి. విద్యాశాఖ డైరెక్టరు ఆర్. ఎం. స్టాథం దొరగారి యనుమతియు లభించినది. 1940లో లలితగారు విద్యుచ్ఛక్తి ఇంజనీరింగు తరగతిలో చేరిరి.

ఇంతవరకు మనలో కొందరికి తెలిసిన కథయే. తరువాతి భాగమును సభవారు శ్రద్ధతో ఆలకింప ప్రార్థించుచున్నాము. ప్రవేశము దొరికినంత మాత్రమున చదువు సాగలేదు. వందల కొలది యువకుల నడుమ ఆమె యొక్కరే స్త్రీ. హాస్టలులో ఆమెకు వేరుగ వసతి కల్పింపవలసివచ్చినది. శిశువును సోదరుని యింట నుంచి, వారమునకొకసారి పోయి చూచి వచ్చుచుండిరి. తోటి ఆడుపిల్ల లేని ఒంటరితనము ఎంతటిదో గ్రహించి, స్త్రీలకును ఈ కళాశాలయందు ప్రవేశము కలదని ప్రకటన చేయించిరి. ఆ ప్రకటన ఫలముగా లీలమ్మ జార్జిగారు, పి. కె. త్రేసియాగారు అను ఇద్దరు కేరళ యువతులు సివిల్ ఇంజనీరింగు తరగతిలో చేరిరి. ఒకరున్న చోట ముగ్గురైరి.

1943లో లలితగారు పట్టము పొందిరి. పట్టభద్రుడు పురుషుడే యని నిశ్చయించి అచ్చువేసిన ప్రశంసాపత్రమునందు ఇంగ్లీషులో ‘అతడు’ అను మాటను కొట్టివేసి, ‘ఆమె’ అని చేతితో వ్రాసి యిచ్చిరట. వెక్కిరింపునకు చేసినది కాదు. వేరొక కాగితము వారియొద్ద లేదు. ఒక విద్యాలయము ఎవరిని మనసున నుంచుకొని నిర్మింపబడినదో దాని అచ్చుకాగితమే చెప్పును.

తరువాత లలితగారు సిమ్లాలోని కేంద్ర ప్రమాణముల సంస్థలో పనిచేసిరి. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ కంపెనీలో చేరి, విద్యుత్తును దూరప్రాంతములకు మోయు తీగమార్గములను, సబ్‌స్టేషనులను రచించు పనిలో జీవితమును గడపిరి. భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుత్తు పనులలో వారి కృషి కలదు. 1964లో న్యూయార్కులో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మహాసభకు పోయి వచ్చిరి. 1979లో స్వర్గస్థులైరి. తోడువచ్చిన ఇరువురిలో త్రేసియాగారు 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరైరి. ఆ పదవి నందిన ప్రథమ భారత మహిళ వారే.

లలితగారి కథయందు మనము గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఆమె ప్రతిభను కించపరచుట మా యుద్దేశము కాదు. కాని ఆమెకు కళాశాల లోపల ఒక తండ్రి యుండెను. ఎవరిని అడుగవలెనో ఆయన కెరుక. తలుపు తట్టిన పలుకుదురని ఆయనకు నమ్మకము. బిడ్డను పెంచుటకు సోదరు డుండెను. అదే తెలివి, అదే పట్టుదల గల వేరొక బాలిక ఆ సంవత్సరమే ఈ నగరమున ఉండియుండవచ్చును. ఆమె తండ్రి ఆ కళాశాల ప్రహరిగోడ బయట వీధి ఊడ్చువాడై యుండవచ్చును. ఆమె పేరు మనకు తెలియదు. తెలియకపోవుటయే ఆమె కథ.

కావున, లోపల ఎవ్వరును లేనివారి సంగతి యేమి? ఈనాటి మా ప్రసంగమంతయు ఈ ప్రశ్నకు సమాధానమును వెదకుటయే.

ఇది గిండీకి మాత్రమే చెందిన విషయము కాదు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞానశాస్త్ర సంస్థయందు 1933లో కమలా భగవత్ అను యువతి చేరగోరినప్పుడు, డైరెక్టరు సర్ సి. వి. రామన్‌గారు ఆమె స్త్రీ యను కారణమున నిరాకరించిరి. ఆమె పట్టు విడువలేదు. కొన్ని నిబంధనలతో, మొదటి యేడు పరీక్షార్థమను మాటతో, చేర్చుకొనిరి. ఆమె పని చూచిన పిదప రామన్‌గారే మనసు మార్చుకొని స్త్రీలకు ప్రవేశము కల్పించిరి. ఆమె 1939లో కేంబ్రిడ్జిలో డాక్టరేటు నందిరి. కమలా సోహోనీ యను పేర ప్రసిద్ధులైరి. నోబెలు బహుమానము నందిన మహామేధావికి సైతము ఎదుట నున్న యోగ్యత ఒక యేడు కనబడలేదు. ఇక మనబోటివారి చూపు ఎంత?

రెండవ సంగతి కులము. ఈ మాట ఎత్తగానే మన సభలలో కొందరు కుర్చీలు సవరించుకొందురు. అయినను చెప్పక తప్పదు. స్వాతంత్ర్యము వచ్చిన తొలినాళ్ళలో మద్రాసు రాష్ట్రమున కళాశాల సీట్లు ప్రభుత్వపు టుత్తరువు ననుసరించి పంచుచుండిరి. ప్రతి పదునాలుగు సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు ఆరు, వెనుకబడిన హిందువులకు రెండు, బ్రాహ్మణులకు రెండు, హరిజనులకు రెండు, ఆంగ్లో ఇండియనులకును భారతీయ క్రైస్తవులకును కలిపి ఒకటి, ముస్లిములకు ఒకటి. 1950లో వైద్యకళాశాల విషయమున చంపకం దొరైరాజన్‌గారు, ఇదే గిండీ ఇంజనీరింగు కళాశాల విషయమున సి. ఆర్. శ్రీనివాసన్‌గారు హైకోర్టునకు పోయిరి. 1951 ఏప్రిలులో సుప్రీంకోర్టు ఆ యుత్తరువు చెల్లదని తీర్పు చెప్పినది. అందులకు ఆధారము రాజ్యాంగము 29వ అధికరణమునందలి రెండవ ఖండము. మతము, జాతి, కులము, భాష అను వానిలో దేనిని కారణముగ చూపియు ప్రభుత్వ విద్యాసంస్థలలో ఎవరికిని ప్రవేశము నిరాకరింపరాదని ఆ ఖండము చెప్పును. ‘భాష’ అను మాట అందు కలదు గనుక అల్పసంఖ్యాక భాషీయులమైన మనకు అది కోటగోడ వంటిది. ఆ సంవత్సరమే పార్లమెంటు రాజ్యాంగమునకు మొదటి సవరణ చేసి, 15వ అధికరణమున నాల్గవ ఖండమును చేర్చి, వెనుకబడిన వర్గముల కొరకును, షెడ్యూల్డు కులములు, తెగల కొరకును ప్రత్యేక ఏర్పాట్లు చేయుట న్యాయమే యని స్థిరపరచినది.

ఈ రెండు మాటలు ఒకదానికొకటి విరుద్ధములని తోచవచ్చును. మాకు తోచదు. మా అంగడిలో తక్కెడ కలదు. సరకు తూచుటకు ముందు రెండు పళ్ళెములు సమముగ నున్నవో లేదో చూచి, లేకున్న తేలిక పళ్ళెమున చిన్న రాయి నుంచుదుము. దానిని ఎవరును మోస మనరు. ‘ఎవరిని నిరాకరింపరాదు’ అనుట తూనిక. ‘వెనుకబడినవారికి చేయూత నీయవచ్చును’ అనుట తూనికకు ముందు పళ్ళెములు సరిచూచుట. తల్లిదండ్రులిద్దరును పట్టభద్రులై, ఇంట గది, దీపము, ట్యూషను గల బాలుని నూటికి తొంబది మార్కులును, తెల్లవారుజామున తల్లితో పనికి పోయి వచ్చి బడికి పరుగెత్తు బాలిక నూటికి ఎనుబది మార్కులును సమానములని చెప్పుటకు, కాగితపు లెక్క తప్ప మరి యే లెక్కయు ఒప్పదు.

కాలక్రమమున చట్టములు విస్తరించినవి. కేంద్ర విద్యాసంస్థలలో షెడ్యూల్డు కులములకు నూటికి 15, తెగలకు 7.5 సీట్లు కలవు. వెనుకబడిన తరగతులకు 27 సీట్లు కేటాయించు చట్టము 2006లో వచ్చినది. 2008లో సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. 2019లో ఇతర వర్గములందలి బీదలకు 10 సీట్లు కల్పించిరి. వికలాంగులకు 1995 చట్టము నూటికి 3 వంతులు చెప్పగా, 2016 చట్టము ఉన్నతవిద్యలో 5కు తక్కువ కారాదని శాసించినది. మన తమిళనాట 2007లో ఇంజనీరింగు ప్రవేశపరీక్షను తీసివేసిరి. 2021లో ప్రభుత్వ పాఠశాలలందు చదివినవారికి ఇంజనీరింగు మొదలగు వృత్తివిద్యలలో నూటికి 7.5 సీట్లు కేటాయించుచు చట్టము చేసిరి.

స్త్రీల సంగతి చూడుడు. ఐ.ఐ.టి. విద్యాలయములలో 2016 ప్రాంతమున చేరువారిలో నూటికి ఎనిమిది, తొమ్మిదిమంది మాత్రమే బాలికలు. 2018లో బాలికల కొరకు అదనపు సీట్లు కల్పించి, ఆ యేడు నూటికి 14, 2019లో 17, 2020లో 20 వంతులు ఉండవలెనని నియమించిరి. ఇందు ముఖ్యమైన మాట ‘అదనపు’ అనునది. బాలురకు పూర్వమున్న సీట్లలో ఒక్కటియు తగ్గలేదు. పంక్తిలో కూర్చున్నవారిని లేపలేదు. మరికొన్ని విస్తళ్ళు వేసిరి.

“ఇట్లు చేసిన ప్రమాణము చెడదా?” అని మన మిత్రులు అడుగుచుందురు. త్రేసియాగారిని చేర్చుకొన్నందున గిండీ ప్రమాణము చెడినదా? కేరళమునకు ఒక చీఫ్ ఇంజనీరు దొరికెను. మచిలీపట్నము సమీపమున పల్లెటూర పుట్టిన బొల్లా శ్రీకాంత్‌గారు పుట్టంధులు. పదవ తరగతి చక్కగ గట్టెక్కినను, కన్ను లేనివానికి సైన్సు గ్రూపు పనికిరాదని త్రోసిపుచ్చగా, న్యాయస్థానమునకు పోయి ఆ హక్కును సాధించుకొనవలసివచ్చినది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ఆయనను చేర్చుకొన్నది. చదువు ముగించి స్వదేశమునకు వచ్చి, 2012లో హైదరాబాదున పరిశ్రమ స్థాపించి, వికలాంగులకు పని కల్పించిరి. మన దేశమున ఒక తరగతి గదికే తగడన్నవాడు పదిమందికి అన్నము పెట్టువా డాయెను. ఇట్టివారిని బయట నిలిపినందువలన చెడిన ప్రమాణమును ఎవరు కొలిచిరి?

ఇంజనీరింగునందు ఈ విషయమునకు మరియొక ప్రయోజనము కలదని మాకు తోచును. వంతెన, రైలుపెట్టె, నీటి కొళాయి, మురుగు కాలువ ఇవన్నియు ఎల్లరు వాడునవి. చక్రముల కుర్చీలో తిరుగువాడు ఒక్కడు ఆ నిర్మాతలలో నున్నచో మెట్ల ప్రక్కన వాలుబాట వేయించును. మురుగు గుంటలో దిగి మనుష్యులు మరణించుట మన పత్రికలలో చదువుచునే యున్నాము. ఆ పని మనుష్యులచేత చేయించుటను 2013 చట్టము నిషేధించినను మరణములు ఆగలేదు. ఆ గుంటలో దిగినవాని కుమార్తె యంత్రములు రచించు గదిలో కూర్చున్న నాడు, ఆ పనికి యంత్రము కావలెనని ఆమెకు ఎవరును చెప్పనక్కరలేదు.

ఇంతవరకు ప్రవేశము గూర్చి చెప్పితిమి. చట్టము చేయగలిగినది అంతవరకే. లోపలికి పోయిన పిదప జరుగునది వేరు. తమిళ మాధ్యమమునందో, తెలుగు మాధ్యమమునందో చదివిన బాలుడు మొదటిదినము తరగతిలో కూర్చుండును. ప్రొఫెసరు ఇంగ్లీషున గడగడ చెప్పుకొనిపోవును. బాలునికి లెక్క తెలియును; మాట తెలియదు. ప్రశ్న యడుగుటకు లేచిన నవ్వుదురేమో యని కూర్చుండును. అట్లు కూర్చున్నవాడు ఆ సంవత్సరమంతయు కూర్చుండును. ప్రయోగశాలలో ఇద్దరిద్దరు జతపడునప్పుడు తనను ఎవరును జతగ కోరరు. బాలిక యైనచో, యంత్రమును బాలురు త్రిప్పుచుండగా పుస్తకమున అంకెలు వ్రాయు పని ఆమెకు అప్పగింతురు. నాలుగేండ్లు గడచును, చేతికి పట్టము వచ్చును, పని రాదు. కొందరికి పట్టమే రాదు. ఊరు చేరి, “చదువు అబ్బలేదు” అని చెప్పుదురు. మనమును నమ్ముదుము.

భాష విషయమున ఇతరుల బాధ మనకు చెప్పనక్కరలేదు. ఐ.ఐ.టి., ఎన్.ఐ.టి. చదువులకు ద్వారమైన జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షను 2021 నుండి తెలుగుతో సహా పదమూడు భాషలలో నడుపుటకు నిర్ణయించిరి. సంతోషించితిమి. నిబంధనలు చదివిచూడగా, తెలుగు ప్రశ్నపత్రము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల కేంద్రములందే యని యుండెను. చెన్నపట్నమున, హోసూరున, బళ్ళారిన, బరంపురమున తెలుగున చదివిన బిడ్డ ఆ పత్రము కావలెనన్న ఇల్లు విడిచి పరరాష్ట్రమునకు ప్రయాణము కట్టవలెను. ఆ నియమము వ్రాసినవారికి మనయెడ ద్వేషము లేదు. వ్రాయు వేళ మనము వారి తలపునకు రాలేదు. ‘అతడు’ అని అచ్చువేసిన కాగితమునకును దీనికిని భేద మేమున్నది?

ఈ విషయమున మన సంఘము విన్నపము పంపవలెను, పంపుదుము. 1956లో ఏడవ రాజ్యాంగ సవరణ 350-ఎ, 350-బి అధికరణములను చేర్చి, అల్పసంఖ్యాక భాషీయుల బిడ్డలకు మాతృభాషలో ప్రాథమిక విద్యను, మన మొరలు విచారించుటకు ఒక ప్రత్యేకాధికారిని ఏర్పరచినది. ఆ హక్కులను జ్ఞాపకము చేయుటకే మన సంఘము పుట్టినది. కాని, ‘మమ్ము మరచితిరి’ అని ఇతరులకు వ్రాయుటకు ముందు, మనము ఎవరిని మరచితిమో చూచుకొనుట ధర్మము. ఇక మా మనసున నున్న అసలు సంగతి చెప్పెదము.

ఈ నగరపు వీధులను తెల్లవారకముందే ఊడ్చువారిలో తెలుగు మాటాడు కుటుంబములు అనేకము కలవు. బెంగుళూరునందును అట్లే. వారి పెద్దలు తెలుగు జిల్లాలనుండి వచ్చి తరములు గడచినవి. ఇంట తెలుగు, వీధిలో తమిళము లేక కన్నడము. మన పెద్దలవలెనే వారును పొట్ట చేతబట్టుకొని వచ్చినవారే. జనాభా లెక్కలలో తెలుగువారి సంఖ్య చెప్పునప్పుడు వారిని కలుపుకొని చెప్పుదుము. ఉగాది పచ్చడి పంచునప్పుడు వారు మన పంక్తిలో కనబడరు.

కడచిన సంవత్సరము ఆ కుటుంబములలోని ఒక బాలిక మన సంఘమునకు ఉపకారవేతనము కొరకు దరఖాస్తు పంపినది. పండ్రెండవ తరగతిలో చక్కని మార్కులు. విద్యుచ్ఛక్తి ఇంజనీరింగులో సీటు వచ్చినది. చదువు రుసుము ప్రభుత్వము భరించును. కంప్యూటరునకు, మొదటి నెలల హాస్టలు ఖర్చునకు సాయము కోరినది. దరఖాస్తుతో మార్కుల పట్టీ యున్నది. ప్రధానోపాధ్యాయురాలి లేఖ యున్నది. లేనిది ఒక్కటే. మన నియమావళి ప్రకారము ఇద్దరు సంఘసభ్యులు ‘ఈ విద్యార్థిని మే మెరుగుదుము’ అని హామీ సంతకము చేయవలెను. ఆ రెండు గీతలు ఖాళీగ నున్నవి. ‘అసంపూర్ణము’ అని వ్రాసి దరఖాస్తును త్రిప్పి పంపితిమి. ఆ లేఖ క్రింది సంతకము మాది.

కొన్ని దినములకు ఆ బాలిక తల్లి మా అంగడికి వచ్చి కందిపప్పు కొన్నది. డబ్బు లెక్కపెట్టి బల్లపై నుంచి, పోబోవుచు ఆగి, “అయ్యా, ఫీజు గవర్నమెంటు కడతా ఉండాది. మిగతాది ఎట్నో అట్ట తంటాలు పడతాం. నేను డబ్బుల సంగతి అడగటం లేదు. మీ సంఘంలో ఇంతమంది పెద్దలుండారు గదా, మా పిల్లని ఎరిగినోళ్ళు ఒక్కరన్నా లేకపోయినారా?” అన్నది. కోపము లేదు, తెలిసికొనగోరి అడిగినట్లే యున్నది. ఆమె మా అంగడిలో పదియేండ్లనుండి సరకు కొనుచున్నది. నెలాఖరున అరువు పెట్టినను మొదటి తేదీకి తప్పక తీర్చును. ఆమెకు పప్పు అరువిచ్చుటకు మాకు హామీ అక్కరలేకపోయెను. ఆమె బిడ్డ చదువునకు హామీ కావలసివచ్చెను. మేము బదులు చెప్పలేకపోతిమి.

ఆ రాత్రి మన ఉపకారవేతనముల పాత ఆవర్జాలు దింపించి చూచితిమి. ఇచ్చిన పేర్లన్నియు యోగ్యులవే; ఒక్కరి విషయమునను ధనము వృథా కాలేదు. కాని బాలికల పేర్లు వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. వికలాంగులైన విద్యార్థుల పేరు ఒక్కటియు లేదు. చిరునామాలన్నియు మన యెరుకలోని నాలుగైదు వీధులవే. ఎవరిని రావద్దని మన నియమావళి ఎచ్చటను చెప్పలేదు. ‘ఎరిగినవారు’ కావలెనని మాత్రమే చెప్పినది. మనము ఎరుగనివారు ఎవరో దానియంతట అదే నిర్ణయమైపోయినది.

అందుచే కార్యవర్గము ఎదుట మేము నాలుగు సూచనలు ఉంచుచున్నాము. సభవారు యోచింతురు గాక.

మొదటిది, హామీ సంతకముల నియమమును కొట్టివేయవలెను. చదివిన పాఠశాల ప్రధానోపాధ్యాయుల లేఖ చాలును. దరఖాస్తులో లోపమున్నచో త్రిప్పి పంపుటకు మారుగ, కార్యవర్గ సభ్యు డొకరు ఆ యింటికి పోయి విచారించి రావలెను.

రెండవది, ఇంజనీరింగు, సైన్సు ఉపకారవేతనములలో సగమునకు తగ్గకుండ బాలికలకు పోవలెను. ఇంట మొదటి పట్టభద్రులు కానున్నవారికిని, వికలాంగులకును కొన్ని అదనముగ నేర్పరుపవలెను. ఇప్పుడు పొందుచున్నవారిది తగ్గింపరాదు. అందులకు ధన మెచ్చటిదని అడుగుదురు. వార్షిక విందునకు ఏటేట మా అంగడినుండి వచ్చు సరకుల ఖరీదును ఈ యేటినుండి ఈ నిధికి జమకట్టుదుము. విందు కొంత సాదాగ నున్నను మన అన్నదమ్ములు మన్నింతురని నమ్ముచున్నాము.

మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది, తోడు. మన కుటుంబములలో ఇంజనీర్లు, ప్రొఫెసర్లు, పెద్ద కంపెనీలలో పనిచేయువారు ఎందరో కలరు. ఉపకారవేతనము పొందిన ప్రతి విద్యార్థికిని వారిలో ఒకరిని నాలుగేండ్లపాటు అప్పగింపవలెను. నెలకొకసారి చూచుట, పరీక్ష తప్పినప్పుడు ఇంటికి పిలిచి భోజనము పెట్టి ధైర్యము చెప్పుట, కళాశాలలో ఎవరిని అడుగవలెనో చెప్పుట, అవసరమైనచో తానే పోయి అడుగుట. సుబ్బారావుగారు తమ కుమార్తెకు చేసిన పని ఇదియే. లోపల తండ్రి లేనివారికి ఆ స్థానమున సంఘము నిలువవలెను.

నాలుగవది, కళాశాలలు తెరచుటకు ముందు రెండు నెలలు, సాయంకాలములందు, మన సంఘభవనమున ఇంగ్లీషు శాస్త్రపదములను తెలుగున విడమరచి చెప్పు తరగతి నడుపవలెను. బల్లలు ఉన్నవి, దీపములు ఉన్నవి, సాయంకాలములందు భవనము ఊరక మూతబడియున్నది.

విశ్వవిద్యాలయములవారికిని ఒక మనవి. సీట్లు కేటాయించి చేతులు కడుగుకొనవలదు. చేరినవారిలో ఎందరు నిలిచిరి, ఎందరు మానిరి, మానినవారు ఏ యిండ్లవారు అను లెక్కను కూడ ఏటేట చూచుకొనవలెను. సరకు వచ్చిన పద్దు మాత్రమే వ్రాసి, పోయిన పద్దు వ్రాయని వర్తకుడు ఎంతకాలము అంగడి నడుపును?

చివర ఒక్క మాట. ఆ బాలిక ప్రస్తుతము రెండవ సంవత్సరము చదువుచున్నది. మన సాయము లేకయే మొదటి యేడు గట్టెక్కినది. మొన్న మేము వారి యింటికి పోయి క్షమాపణ చెప్పుకొని, ఈ సభకు రావలసినదని ఆహ్వానించితిమి. తల్లియు కుమార్తెయు వచ్చి వెనుక వరుసలో కూర్చున్నారు. పేరు చెప్పి వారిని నిలబెట్టుట మర్యాద కాదు గనుక చెప్పము. నియమము ఇంకను మారలేదు గనుక, ఈ యేటి దరఖాస్తుపై హామీ సంతకములు రెండు కావలెను. ఒకటి మేము చేసితిమి. రెండవ గీత ఖాళీగ నున్నది. కాగితము ఈ బల్లపైననే యున్నది, కలమును ఉన్నది.

ఇక జమాఖర్చులు చదివెదము.